బొమ్మకూ బొమ్మకూ నడుమ



బొమ్మల పుస్తకంలోని కథ సినిమాగానో సీరియల్‌గానో వచ్చిందంటే ఇంట్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. పుస్తకం చదివినాయన తెర ముందు కూర్చుని "పుస్తకంలో ఇట్ల లేదు" అని పది నిమిషాలకోసారి అడ్డం పడుతుంటాడు. పక్కనున్నవాళ్లు "జర సేపు ఊకోరాదూ" అని కసురుకుంటారు. నేనూ చదివినవాళ్ల జట్టులోవాణ్ణే. అయినా ఈ పూట అవతలి జట్టు తరఫున నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని సినిమాను కొలిచేవాడికి దక్కేది సగం మజానే అని నా అనుమానం. మిగతా సగం ఎక్కడుందో వెతకాలంటే అమెరికా దాకా పోనక్కర లేదు. జనగామ నుంచి బయలుదేరితే చాలు.

జనగామ నుంచి సిద్దిపేట పోయే తొవ్వలో, బచ్చన్నపేట దాటినాక చేర్యాల వస్తుంది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడగొట్టి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చేసినప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలోకి పోయింది. ఓటు మాత్రం జనగామ నియోజకవర్గంలోనే ఉండిపోయింది. ఆ ఊళ్లో నకాషీ కుటుంబాల వాళ్లు గీసే పటాలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, తుమ్మబంక, చింతగింజల అంబలి కలిపి పట్టించి, ఎండబెట్టి, దానిమీద ఎర్రరంగు పరిచి బొమ్మలు వేస్తారు. పాత పటం అంటే గజం వెడల్పు, నలభై యాభై అడుగుల పొడుగు. పైనుంచి కిందికి వరసగా బొమ్మలు, వరసకూ వరసకూ మధ్య పూలతీగల అంచు. ఇవాళ మన పిల్లల చేతుల్లో ఉన్న కామిక్స్ పుస్తకాన్ని విప్పి, పేజీలన్నీ ఒకదాని కింద ఒకటి అతికిస్తే అచ్చంగా అదే అవుతుంది.

కాకపోతే ఆ పటం ఇంట్లో ఒంటరిగా కూర్చుని చదువుకునేందుకు గీసింది కాదు. కూనపులి వాళ్లు పద్మశాలీల వాడకు వచ్చి మార్కండేయ పురాణం విప్పేవారు. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ, డక్కలి వాళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల వాళ్లయితే పటం బదులు రంగులు పూసిన చెక్కబొమ్మలు పట్టుకొచ్చేవారు. పటాన్ని గుంజలకు కట్టి, కొంచెం కొంచెం విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ రాత్రంతా పాట, మాట, ఆట. ఒక్క బొమ్మ మీద ఎంతసేపు నిలబడాలన్నది కథకుడి ఇష్టం. జనానికి నిద్ర వస్తున్నట్టుంటే యుద్ధం బొమ్మ దగ్గర గొంతు లేపుతాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారంటే ఆ బొమ్మను అంత తొందరగా చుట్టడు.

వినేవాళ్లందరికీ కథ ముందే తెలుసన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. తాత విన్నదే, తండ్రి విన్నదే. "పోయినేడు వచ్చినాయన ఇట్ల చెప్పలేదు" అని ఎవరో ఒకరు అనే ఉంటారు. అయినా మళ్లీ ఏడు మళ్లీ పిలిపించుకున్నారు. ఎందుకంటే వాళ్లు కథ కోసం రాలేదు. ఈసారి ఈ మనిషి ఈ బొమ్మను ఎట్ల లేపి నిలబెడతాడో చూద్దామని వచ్చారు.

ఇదే ఆనవాయితీ అడవి దిక్కూ ఉంది. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల నుంచి భూపాలపల్లి అడవుల దాకా ఉన్న కోయల గోత్రాలకు గుడ్డ మీద గుర్తులు, బొమ్మలు ఉన్న పడిగెలుంటాయి. డోలి పట్టిన కథకులు ఆ పడిగె ఎదుట వంశకథ పాడతారు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను అట్లా నోటిమీద నిలబెట్టిన మణుగూరు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంకా వెనక్కి పోతే రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉండనే ఉంది. అక్కడి రాతి గుహల్లో ఎర్రరంగుతో గీసిన దుప్పులు, అడవిదున్నలు, చిరుతలు కనిపిస్తాయి. వాటిని గీసినవాడు పక్కన నిలబడి ఏం కథ చెప్పాడో మనకు దొరకదు. బొమ్మ మిగిలింది, గొంతు పోయింది.

ఇప్పుడు కామిక్స్ దగ్గరికొద్దాం. మొదటి బొమ్మలో గుర్రం ముందుకాళ్లు లేపింది. రెండో బొమ్మలో రౌతు నేలమీద పడి ఉన్నాడు. పడడం ఎక్కడుంది? ఎక్కడా గీయలేదు. ఆ రెండు బొమ్మల నడుమ వేలెడు తెల్లకాగితం ఉంది, అంతే. వాణ్ణి పడేసింది మనమే. ఎంత ఎత్తునుంచి పడ్డాడు, కేక పెట్టాడా, దుమ్ము లేచిందా అన్నదంతా చదివేవాడి సొంత కష్టం. ఆ ఖాళీలో పటం కథకుడు తన గొంతు పోస్తాడు. పుస్తకం చదివే పిలగాడు తన ఊహ పోస్తాడు. మరి సినిమా? అది సెకనుకు 24 బొమ్మలు చూపించి ఆ ఖాళీని మూసేస్తుంది. మన పని అది చేసేస్తుంది. చదివినాయన కోపానికి అసలు కారణం ఇదే అనుకుంటాను. కథ మార్చారని కాదు, తన చేతిలో పని గుంజుకున్నారని. కాబట్టి మంచి సినిమా ఆ పని గుంజుకుని మనకు వేరే పని ఇవ్వాలి. అది ఇస్తుందా లేదా అని చూస్తే సరిపోతుంది.

బేతాళుడి సంగతి చూడండి. మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. 1955 నుంచి అందులో బేతాళ కథలు వచ్చాయి. మూలంలో ఉన్నవి పాతిక కథలే. అవి అయిపోయినా శవం విక్రమార్కుడి భుజం దిగలేదు. చందమామ కార్యాలయంలోనే కొత్త కథలు పుట్టించి, దశాబ్దాల పాటు నెలకొకటి చొప్పున మోయించారు ఆ రాజుతో. చందమామను కామిక్స్ అనగూడదు, అది బొమ్మలున్న కథల పత్రిక అని పెద్దలు సరిదిద్దుతారు. ఒప్పుకుంటాను. కానీ జనగామ, మానుకోట స్టేషన్లలో రైలు కోసం ఎదురుచూస్తూ ఆ పత్రిక తిరగేసిన పిల్లలు ముందు చూసింది అక్షరాలను కాదు. శంకర్ గీసిన ఆ ఒక్క బొమ్మను చూశారు. శ్మశానం, దూసిన కత్తి, భుజం మీద శవం, వెనక్కి చూడకుండా నడుస్తున్న రాజు. శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళనాడు మనిషి. 2020 సెప్టెంబరులో, తొంభై దాటిన వయసులో కన్నుమూశారు. మరుసటేడు పద్మశ్రీ ప్రకటించారు. నెలనెలా ఆ బొమ్మ చూసి పెరిగిన తెలుగువాళ్లలో ఆయన తెలుగువాడు కాదని ఎంతమందికి తెలుసో అనుమానమే.

1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌లో విక్రం ఔర్ బేతాళ్ సీరియల్ తెచ్చారు. రెండేళ్ల తర్వాత రాముడుగా దేశమంతా దండం పెట్టించుకున్న అరుణ్ గోవిల్ అందులో విక్రమార్కుడు. సజ్జన్ బేతాళుడు. హిందీ సీరియల్. శంకర్ బొమ్మతో పోలిస్తే అది పేదది. ఆ ట్రిక్కులు చూసి ఇప్పటి పిల్లలు కిసకిసా నవ్వుతారు. కానీ దాని దగ్గర ఒకటుంది, అది బొమ్మకు ఏనాటికీ రాదు. బేతాళుడి నవ్వు! తెల్లజుట్టు విరబోసుకుని రాజు భుజమెక్కి ఆ ముసలాయన రాగం తీసి మాట్లాడుతుంటే భయమూ వేసేది, ముద్దూ వచ్చేది. చందమామలో బేతాళుడు ఒక గొంతు మాత్రమే. అడిగి ఊరుకునే గొంతు. సీరియల్‌లో వాడొక మనిషయ్యాడు. కొంటెవాడు, ఒంటరివాడు, మాట్లాడే తోడు దొరికినందుకు సంబరపడేవాడు. ఇంత కష్టపడి మోస్తున్న రాజు మళ్లీ ఎందుకు నోరు తెరుస్తాడు, తెరిస్తే శవం ఎగిరిపోతుందని తెలుసు కదా అని నాకు పుస్తకం చదివినన్నాళ్లూ ఒక ప్రశ్న ఉండేది. సీరియల్ చూశాక నాకొకటి తోచింది. ఆ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి ఇష్టం. పుస్తకం నాకీ సంగతి చెప్పలేదు. సజ్జన్ నవ్వు చెప్పింది.

సరే, ఇది మన ఇంటి కథ. బయటి కథ వస్తే మనవాళ్లు ఏం చేశారో చూద్దాం. సూపర్‌మ్యాన్ 1938లో అమెరికాలో పుట్టాడు. జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు పుట్టించారు. 1978లో హాలీవుడ్ వాళ్లు భారీగా సినిమా తీశారు. 1980కల్లా మన దగ్గర వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావే సూపర్‌మ్యాన్ అయిపోయారు. వెనకాల ఎగిరే గుడ్డ ఉంది, చేతులు చాపి గాలిలో ఎగరడం ఉంది. క్రిప్టాన్ గ్రహం మాత్రం లేదు. ఆ శక్తి ఎక్కడిదంటే హనుమంతుడు ఇచ్చిన వరం!

ఇది చెబితే ఇప్పటివాళ్లు పగలబడి నవ్వుతారు. నవ్వండి, నేనూ నవ్వాను. కానీ నవ్వాక ఒక్క నిమిషం ఆలోచించండి. కొడుకును కాపాడుకోడానికి అంతరిక్ష నౌకలో పెట్టి భూమికి పంపిన తండ్రి అంటే 1980లో బచ్చన్నపేట రైతుకు ఎవరు? ఎవరూ కారు. గాల్లో ఎగిరేవాడు అంటే మాత్రం వాళ్ల ఊరి పొలిమేరలోనే గుడి కట్టుకుని సిందూరం పూసుకుని నిలబడి ఉన్నాడు. మన కులపురాణాలు తరతరాలుగా చేసిన పని కూడా ఇదే. దేవతల కథను తెచ్చి సాలెమగ్గం దగ్గర, గొర్లమంద దగ్గర నిలబెట్టాయి. ఎక్కడిదో కథ మన వాకిట్లోకి రావాలంటే కాళ్లు కడుక్కుని రావాలి.

44 ఏళ్ల తర్వాత, 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హనుమాన్' తీశాడు. ఇది ఏ కామిక్స్ పుస్తకం నుంచీ తీసుకున్నది కాదు. అయినా కామిక్స్ మీద ఇంత తెలివైన మాట చెప్పిన తెలుగు సినిమా నాకు ఇంకొకటి తెలియదు. అంజనాద్రి అనే ఊరు, అక్కడ చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతు, వాడికి ఒక మణి ద్వారా దొరికిన బలం. ఇవన్నీ సరే. నాకు నచ్చింది ఆ సినిమా విలన్. మైకేల్‌కు చిన్నప్పటినుంచీ సూపర్‌హీరోల పిచ్చి. పుస్తకాల్లో ఉన్న హీరోలకు అమ్మానాన్న లేరు కాబట్టి తనకూ ఉండగూడదని వాళ్లనే పొట్టన పెట్టుకుంటాడు. పెద్దయ్యాక డబ్బు పోసి సూటు కుట్టించుకుంటాడు. అంటే పుస్తకాన్ని అక్షరం తప్పకుండా పాటించినవాడు రాక్షసుడయ్యాడు. పుస్తకం ముక్క చదవని పల్లెటూరివాడు హీరో అయ్యాడు. "పుస్తకంలో ఇట్ల లేదు" అనే మా జట్టుకు ఇంతకన్నా గట్టి చురక ఎవరూ పెట్టలేదు.

ఇక స్పైడర్‌మ్యాన్. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి 1962లో తెచ్చిన ఈ పిలగాడు 2002లో శామ్ రైమీ సినిమాగా తెలుగు గొంతుతో మన టాకీసులకు వచ్చాడు. మన దగ్గర ఆ పుస్తకాలు చదివినవాళ్లు చాలా తక్కువ. కాబట్టి పోలిక పెట్టుకునే బాధ లేకుండా నేరుగా సినిమాకే పోయారు. రెండేళ్లకు వచ్చిన రెండో భాగంలో పీటర్ పార్కర్ పిజ్జాలు మోస్తాడు, ఆలస్యమైందని ఆ పనీ పోతుంది. గది కిరాయి కట్టలేక ఇంటి ఓనరుకు ముఖం చాటేస్తాడు. చదువుకుని హైదరాబాద్‌లో గది తీసుకుని ఉద్యోగం వెతుక్కునే మన జిల్లాల పిల్లలకు ఆ సూటు ఎర్రగా ఉంటే ఏమిటి, నీలంగా ఉంటే ఏమిటి. ఆ కిరాయి చాలు.

ఆ సినిమాలో రైలు ఘట్టం ఒకటుంది. బ్రేకులు పోయిన రైలును గూడుదారాలతో రెండు వైపులా కట్టి, ఒళ్లంతా చీరుకుపోతుంటే ఆపుతాడు. రైలు వేగమేమిటో, అది ఆగడమేమిటో కాజీపేటలో, డోర్నకల్‌లో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. వాళ్లు చూసిన కళ్లే వేరు. ఆపినాక వాడు స్పృహ తప్పి పడిపోతుంటే ప్రయాణికులు చేతుల మీద లోపలికి మోసుకుపోతారు. ముసుగు లేదు. అందరూ ముఖం చూశారు. వీడింకా పిలగాడే అని ఒకాయన అంటాడు. ఎవరికీ చెప్పబోమని మాట ఇస్తారు. దర్శకుడు అక్కడ కొట్లాటంతా ఆపేసి ముఖాలు చూపిస్తూ కూర్చున్నాడు. పటం కథకుడు ఒక బొమ్మ దగ్గర ఆగిపోయినట్టే ఆగిపోయాడు. ఇందాక ప్రేక్షకుడికి వేరే పని ఇవ్వాలన్నానే, అది ఇదే. ఆ బోగీలో నేనుంటే ఆ ముఖం గురించి బయట చెప్పకుండా ఉండగలనా అని ప్రతివాడూ లోపల్లోపల ఆలోచించుకుంటాడు.

తెలుగు గొంతు అన్నాను కదా. డబ్బింగ్ సినిమా అంటే ముఖం చిట్లించేవాళ్లున్నారు. పెదవి ఒకచోట, మాట ఒకచోట అంటారు. నిజమే, కొన్ని మరీ ఘోరంగా ఉంటాయి. కానీ బొమ్మ ఒకరిది, గొంతు ఇంకొకరిది అన్న పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. నకాషీ గీసిన రాక్షసుడికి కూనపులాయన గొంతు అరువిచ్చినట్టే, 2018లో అవెంజర్స్ సినిమాలో థానోస్‌కు రానా దగ్గుబాటి గొంతు ఇచ్చాడు. అంత లావు ఊదారంగు రాక్షసుడు నిమ్మళంగా, బాధపడుతున్నట్టు తెలుగులో మాట్లాడుతుంటే వాడి మీద జాలి కూడా కలిగింది. మన పౌరాణికాల్లో మంచి రావణుడికి ఉండవలసిన గుణం అదే.

అదే వరసలో వచ్చిన సినిమాల మీద నాకొక ఫిర్యాదూ ఉంది. చివరి నలభై నిమిషాలు ఊళ్లు కూలడమే. ఆకాశం చీలుతుంది, మేడలు పడతాయి, అందరూ గుద్దుకుంటారు. చూసేవాడికి మిగిలిన పని చెవులు మూసుకోవడం. బొమ్మల పుస్తకంలో ఇదే యుద్ధం రెండు పేజీల్లో అయిపోతుంది, ఎన్ని మేడలు కూల్చుకోవాలో మన ఇష్టం. కోట్లు పోసి మన ఊహను ఖాళీగా కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

బొమ్మల మీద నిలబడి సినిమా తీయడం తెలిసినవాళ్లు మనలో లేకపోలేదు. బాపు షూటింగుకు ముందే ప్రతి షాటూ కాగితం మీద బొమ్మగా గీసుకునేవారు. అంటే ఆయన సినిమా ముందు కామిక్స్‌గా పుట్టి తర్వాత తెరకెక్కేది. అందుకే ఆయన సినిమాల్లో మనుషులు మాట్లాడకుండా నిలబడ్డప్పుడు కూడా ఏదో జరుగుతున్నట్టుంటుంది. అనంత్ పై 1967లో మొదలుపెట్టిన అమరచిత్రకథలు చదివి పెరిగానని రాజమౌళి చాలాసార్లు చెప్పాడు. 'బాహుబలి'లో శివలింగాన్ని భుజానికెత్తుకున్న ఆ దృశ్యం చూడండి. కదిలే సినిమాలో ఆగిపోయిన అట్టబొమ్మ అది. ఇప్పుడు దారి తిరగబడింది కూడా. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక పుట్టించిన ఛోటా భీమ్ 2008లో ముందు టీవీలో వచ్చి, తర్వాత పుస్తకాల్లోకి దిగాడు. 'బాహుబలి' సినిమాగా వచ్చి కార్టూన్ సీరియల్ అయింది. పిల్లలకు ఏది ముందో ఏది వెనకో పట్టింపు లేదు.

మరి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అనే మన మూడు జిల్లాల కథ ఒకటి బొమ్మలకెక్కి, అక్కడినుంచి తెరకెక్కాలంటే ఏది ఎక్కాలి? నన్నడిగితే సర్వాయి పాపన్న. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో ఆయన కోట గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. తాళ్లెక్కే గౌడ కులంలో పుట్టి, జనాన్ని కూడగట్టి, 1708లో ఓరుగల్లు మీద పడ్డవాడు. 1710లో మొగలులు పట్టుకుని చంపారు. ఆయనకు రెండు బొమ్మలున్నాయి. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ రాతల్లో ఆయన దారిదోపిడీ దొంగ. మన పాటగాళ్ల నోట ఆయన సర్దారు. ఆ పాటను 1874లోనే ఒక ఆంగ్లేయుడు అచ్చువేయించాడు.

ఎవరైనా కుర్ర చిత్రకారుడు ఈ కథ గీస్తే ఆ రెండింటిలో ఒకదాన్ని చెరిపేయవద్దని నా మనవి. ఎడమ పేజీలో ఢిల్లీ దర్బారు చెప్పినట్టు గీయాలి, కుడి పేజీలో తాటివనం చెప్పినట్టు గీయాలి. తర్వాత ఏ దర్శకుడో దాన్ని సినిమాగా తీస్తాడు. తీసినప్పుడు తప్పకుండా కొంత మారుస్తాడు. ఆ రోజు మా జట్టువాళ్లెవరైనా లేచి "పుస్తకంలో ఇట్ల లేదు" అంటే, ఏ పేజీలో లేదో చెప్పమని అడగండి.